మా అక్కయ్య బండి పొగ

ఏంట్రా, ఇంకోసారి చెప్పు? పొగ సర్టిఫికెట్ ఫోనులోకే వచ్చేసిందా? బండి గుమ్మం ముందు నుంచి అంగుళం కదల్లేదు, కాగితం మాత్రం పాసైపోయిందన్నమాట! పైగా నవ్వొకటి. మీ అమ్మమ్మ బతికుంటే ఆ ఫోను కిటికీలోంచి బయటికి విసిరేసేది. నీకు ఆవిడ ఫొటోలోనే తెలుసు. అందులో ఏదో శాంతమూర్తిలా కనిపిస్తుంది, నమ్మకు. సొంత తమ్ముణ్ణి, నాకే హడల్. ఆడవాళ్లకి కారు నడపడం నేర్పేది. పాత డబ్బా కారు, నెత్తిన ఓ బోర్డు. మీ తాతయ్య ఉద్యోగం పోయాక ఇల్లు గడిచింది ఆ కారు మీదే, మీ అమ్మ చదువుకుంది ఆ కారు మీదే. అలాంటిది, ఏ పెద్దమనిషికి దగ్గొచ్చిందో ఏమో, పాత బండ్లన్నీ పొగ పరీక్ష పాసవ్వాల్సిందే, లేకపోతే డ్రైవింగ్ స్కూలు లైసెన్సు రద్దు అని రూలొకటి తెచ్చారు.

పరీక్షకి తోడుగా నన్నూ రమ్మంది. అక్కడో కుర్రాఫీసరు, మెడలో టై, ముక్కుకి జేబురుమాలు. సైలెన్సర్లో గొట్టం పెట్టాడో లేదో నల్లటి పొగ. "ఏంటి సార్ ఇది, కారా, ఇటుకల బట్టీనా?" అన్నాడు. ఎవరితో? నాతో! బండి ఆవిడది, తోలుకొచ్చింది ఆవిడ, వీడు మాట్లాడేది నాతో. నాకు సైకిలు తొక్కడమే సరిగ్గా రాదురా! ఫెయిలన్నాడు, ఇంకొక్కసారే అవకాశం అన్నాడు. మెకానిక్కు దగ్గరికి వెళ్తే వాడు ఇంజనంతా విప్పి, కడిగి, బిగించి, స్టార్ట్ చేసి చూపించాడు. పొగ లేదు. "అమ్మా, మల్లెపువ్వులా ఉందమ్మా" అన్నాడు. అక్కయ్య ఎక్కి వీధి మలుపు తిరిగిందో లేదో మళ్లీ నలుపు. వెనక్కి తెస్తే వాడు కూర్చుని చూస్తాడు, పొగ ఉండదు. ఈవిడ ఎక్కితే ఉంటుంది. "నా మీద పగబట్టిందా ఏం ఇది" అని బండిని తిట్టింది. మీ తాతయ్య ఇంట్లో కూర్చుని, "గేటు దగ్గర బ్రోకరున్నాడు, వేరే బండికి గొట్టం పెట్టి నీ నంబరు కొట్టిస్తాడు, ఊరంతా చేసేదేగా, ఎందుకే నీకీ పంతం" అన్నాడు. నీకు ఆయన పోలికే వచ్చినట్టుంది. "నేర్పేదాన్ని నేనే దొంగ కాగితం పెట్టుకు తిరిగితే ఆ పిల్లలకేం నేర్పను?" అంది.

రెండోసారి వెళ్లాం. లైన్లో మా వంతు వస్తోంది. బండి కాగితాలు తియ్యడానికి సంచి ఒళ్లోకి తీసుకుంది. అప్పుడు చూసింది. ఆ పాత బండ్లకి చోక్ అని ఒక పిడి ఉండేదిరా, చల్లటి ఇంజను అందుకోడానికి లాగుతారు, లాగితే పెట్రోలు ఎక్కువ తాగి పొగ కక్కుతుంది, వేడెక్కాక లోపలికి నెట్టెయ్యాలి. ఈవిడేం చేసేదంటే, ఒళ్లో సంచి ఉంటే స్టీరింగు తిరగదని, ఆ పిడి బయటికి లాగి దానికి సంచి తగిలించేది! తనదీ, నేర్చుకునే పిల్లలదీ. మన ఎండలకి చోక్ అవసరమే పడదు, దాని సంగతే మర్చిపోయి ఏళ్ల తరబడి కొక్కెంలా వాడేసింది. మెకానిక్కు దగ్గర సంచి భుజానికి తగిలించుకుని దిగేది, వాడు పిడి నెట్టి చూసేవాడు, ఇద్దరికిద్దరూ నిజమే చెప్పారు. పిడి లోపలికి నెట్టింది. ఇంజను శబ్దం కుదుటపడింది. నా వైపు ఒక చూపు చూసింది, నవ్వితే చంపేస్తానని. నవ్వలేదు నేను.

ఆ కుర్రాఫీసరే గొట్టం పెట్టాడు, రీడింగు బ్రహ్మాండంగా వచ్చింది. వాడు పళ్లు నూరుకుంటూ, "ఏం మందు పోయించారు సార్?" అన్నాడు మళ్లీ నాతోనే. "ఇటు చూడు బాబూ. బండి నాది. తప్పూ నాదే, సంచి తగిలించాను చోక్‌కి" అంది, అందరూ వినేలా. లైన్లో ఒకటే నవ్వు. చెప్పక్కర్లేదుగా! చెప్పింది. "కథలు చెప్పకండి" అన్నాడు వెధవ. "అయితే మళ్లీ పెట్టు గొట్టం" అంది. పెట్టాడు. మళ్లీ పాస్. సంతకం పెట్టక ఏం చేస్తాడు?

అయితే ఏం లాభం? ఏడాది తిరక్కుండా ఇంకో రూలు. పొగ వచ్చినా రాకపోయినా అంత పాత బండ్లు తుక్కుకిందే లెక్కట! పాసైన బండిరా! కడిగిన గాజుగ్లాసులాంటి బండి! లాక్కెళ్లడానికి గొలుసులు పట్టుకుని ఇద్దరొచ్చారు. "నడిచే బండిని కట్టి ఈడుస్తారా? తప్పుకోండి" అని తనే ఎక్కింది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మలుపు మలుపుకీ చెయ్యి బయటపెట్టి చూపించింది. ఆ తుక్కు యార్డులో, విరిగిన డొక్కుల మధ్య, రివర్సులో తిన్నగా పెట్టింది. హ్యాండ్‌బ్రేకు వేసింది. దిగబోతూ ఆగి, తర్వాత నడిపేవాళ్ల కోసం అద్దం సరిచేసింది. ఎవడు నడుపుతాడురా దాన్ని? ఎవడు...

ఆ ఫ్యాను కాస్త పెంచు. ఉక్కగా ఉంది.