ప్రయోంగ్ మొక్కు, దేశపు కప్పు

థాయ్‌లాండ్‌లోని థా ఖమిన్ ఊరి బజారులో లమ్యాయి కాఫీ బడ్డీ దగ్గర ఆ పొద్దున కుర్చీలు చాల్లేదు. ఊరి జట్టు మొట్టమొదటిసారి దేశపు ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. కాసేపట్లో దాన్ని ట్రక్కు మీద ఊరేగిస్తూ ఇటే తెస్తున్నారు. మూడుచక్రాల బండి తోలే ప్రయోంగ్‌కి ఇలాంటి రోజున నోరు ఊరుకుంటుందా?

"ఆ కప్పును ఒకసారి మా నాన్న చింతపండుతో తోమాడు, తెలుసా?"

"తోమితే తోమాడులే," అన్నాడు ఐసు అమ్మే సుథెప్.

"అంతేనా! అసలు దాన్ని పోత పోసేటప్పుడు బంగారం చాల్లేదురా. అందరూ తలలు పట్టుకు కూర్చుంటే మా తాత తన బంగారు పన్ను ఊడబెరికి మూసలో పడేశాడు. అందుకే మా ఇంటివాళ్లు కనబడితే ఆ కప్పు నవ్వుతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరదల ఏడాది బ్యాంకాక్‌లో కప్పు నదిలో పడింది, దాన్ని ఓ వాలుగ చేప మింగింది, నేనొక్కణ్ణే దూకి..."

"నీకు ఈత రాదుగా!" అన్నాడు సుథెప్.

"చేపకొచ్చుగా! మీసాలు పట్టుకుని మన రేవు దాకా తోలుకొచ్చా. పొట్ట కోస్తే కప్పుతోపాటు ఓ రిఫరీ కూడా ఉన్నాడు, పాపం, ఇంకా ఈల ఊదుతూనే ఉన్నాడు. అదలా ఉంచు, మొన్న ఫైనల్ ఎవరివల్ల గెలిచామనుకున్నారు? మన బజారు మూలమీద గుళ్లో ఉన్న దేవరకు వంద ఉడికించిన గుడ్లు మొక్కా. గోలు పడలేదు. వెయ్యన్నా. పడలేదు. చివర్లో లక్షన్నా! దేశంలో కోళ్లన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి, అవతలి గోల్‌కీపర్ ఉలిక్కిపడ్డాడు, బంతి లోపలికి!"

అందరూ పగలబడి నవ్వారు. గుడ్డసంచిలో కాఫీ వడగడుతున్న లమ్యాయి మాత్రం నవ్వలేదు.

"గుడ్లా? నువ్వు మొక్కినప్పుడు నీ పక్కనే ఉన్నాను బాబాయ్. 'తండ్రీ, కప్పు ఒక్కసారి మా ఊరికి తెప్పించు, ఇక జన్మలో కోతలు కొయ్యను' అన్నావు. మొక్కు తీర్చకపోతే దేవర ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడు. కప్పు ఇంకా బజారులోకే రాలేదు, చూసుకో!"

ప్రయోంగ్ నాలుక్కరుచుకున్నాడు. అందరిలా గుడ్లో పందితలకాయో మొక్కితే దేవర కరగడని, తనకు అన్నిటికన్నా ఇష్టమైన కోతలనే వదిలేస్తానని మొక్కాడు. సంతోషంలో ఆ సంగతే మరిచిపోయాడు.

ఇంతలో డప్పులతో ట్రక్కు వచ్చి ఆగింది. ఊరి కుర్రాడే, జట్టు కెప్టెన్ అనుచిత్, కప్పు తెచ్చి ప్రయోంగ్ చేతుల్లో పెట్టాడు.

"చెప్పు మామా, ఇది మనకెలా వచ్చింది?"

జనమంతా చెవులు రిక్కించారు. ప్రయోంగ్ నాలుక చివర బంగారు పన్ను, వాలుగ, కోళ్లు అన్నీ తోసుకొచ్చాయి. మూలమీద దేవర వైపు చూసి వాటన్నిటినీ మింగేశాడు.

"మీరు బాగా ఆడారు నాయనా. నేను చేసిందేం లేదు. భయమేసి కళ్లు మూసుకున్నా, గోలు కూడా చూళ్లేదు. మా నాన్న జన్మంతా ఎదురుచూశాడు, దీన్ని తాకనైనా తాకలేదు. నా చేతిలో పెట్టారు. మీ మేలు మరిచిపోను." ఆయన కళ్లు తడిశాయి.

అనుచిత్ పకపకా నవ్వాడు. "నువ్వు గోలు చూళ్లేదా? మళ్లీ మొదలెట్టావూ కోతలు!"

ప్రయోంగ్ కప్పుతో సహా గుడివైపు గిర్రున తిరిగాడు.

"విన్నావుగా తండ్రీ! ఈసారి నా తప్పేం లేదు!"