మోటార్లన్నీ ఆపిన సాయంత్రం

దర్శి పక్క పల్లెలో చర్చి వరండా. కోత పండగ ముందటి సాయంత్రం. రేడియో మెకానిక్ జోసఫ్ తాను చేసిన ఎర్ర ఎల్‌ఈడీ అక్షరాల బోర్డు ముందు వోల్టేజీ మీటరు పెట్టుకుని కూర్చున్నాడు. కూతురు జయకుమారిని ఇతనికివ్వాలా వద్దా అని ఏడాదిగా నాన్చుతున్న సంఘపెద్ద పిచ్చయ్య పక్కనే నిలబడ్డాడు.

“ఆ రెండు వైర్లూ ఎందుకు కలపడం? చక్కగా వెలుగుతుంటే నీకేం రోగం?”

“షార్టయితే ఏమవుతుందో చూడాలి కదండీ పిచ్చయ్యగారూ.”

“ఏమవుద్ది, కాలుద్ది. అదుగో, ఆరిపోయింది. నే చెప్పలా?”

“ఆరిపోలేదండీ, ఆగింది. వైరు తీస్తున్నాను, చూడండి.”

“మళ్ళీ వెలిగిందే.”

“తన్ను తాను కాపాడుకునేట్టు కట్టాను. నెల్రోజులు పట్టింది.”

“పోయినేడూ ఇట్టాగే కోతలు కోశావు. పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకోగానే అక్షరాలన్నీ టపటపా పేలినియ్. ఆయన దగ్గుకుంటానే ఆమేన్ అన్నారు.”

“అప్పుడు పలావు పెడతామంటే ఊరంతా మోటార్లు కట్టేసి వచ్చిందండీ. మిరపతోటల్లో మోటార్లు తిరిగినంతసేపూ ఇక్కడ నూట అరవై వోల్టులు. అన్నీ ఒక్కసారి ఆగితే ఎక్కడికి లేస్తుందో తెలీదు. ఆ లెక్క ఇవాళే తేల్చుకోవాలి.”

“అందుకేగా ఎండలో పడి నలభై తోటలు తిరిగాను. గంట మోగగానే మోటార్లు ఆపండయ్యా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలీక ఊరి మేలుకోసం అన్నాను.”

“ఈసారి నిలబడితే జయకుమారి సంగతి...”

“ముందు నిలబడనీ. కాలిందా, పిల్ల మాట ఎత్తొద్దు. అదుగో, గంట కొడుతున్నారు.”

“రెండొందల పది. రెండొందల అరవై... దగ్గరికి రాకండి. మూడొందలు. మూడొందల పదండీ.”

“బోర్డో?”

“మీరే చూడండి. ఒక్క దీపమూ చెదరలేదు.”

“నిజమే. నిజంగానే వెలుగుతుంది. నీ చేతిలో ఏదో ఉందిరా అబ్బాయ్... అదేంటి, వీధిలో ఏదో పేలింది?”

“బల్బయ్యుంటుందండీ.”

“ఇంకోటి. మాబు హోటల్లో రేడియో నోరు మూసింది. సర్పంచి ఇంట్లో టీవీ... జోసఫూ, ఈ బోర్డు తప్ప ఊళ్ళో దీపం లేదేందిరా?”

“వాటికి నేను రక్షణ కట్టలేదు కదండీ.”

“అందరూ ఇటే వస్తున్నారు. మోటార్లు ఆపించింది నేనని పసిపిల్లాడికీ తెలుసు. దాన్ని ఆపు ముందు.”

“ప్లగ్గు పీకేశానండీ.”

“పీకితే సరా? మళ్ళీ పెట్టి చూస్తారు. మా సామానంతా తగలేసి మీదొక్కటే ఎట్టా బతికిందంటారు. ఇదీ కాలిపోతే మనమూ వాళ్ళతోపాటు ఏడవొచ్చు. పెట్టు, కాల్చెయ్.”

“నెల్రోజులు పట్టిందండీ.”

“పిల్ల కావాలా వద్దా?”

“... పెట్టాను. వైర్లు కలుపుతున్నాను.”

“ఆరింది. హమ్మయ్య. ఇక చెయ్యి తీసి ఏడుపుమొహం పెట్టు.”

“తీస్తే వెలుగుతుందండీ.”

“అయితే పెళ్ళిదాకా తియ్యకు, అల్లుడూ.”