సుద్ద గుర్తు

ముంబయి లాల్‌బాగ్‌లో గణూ మిస్త్రీ చాళ్ అనే పాత ఒంటిగదుల లోగిలి, ముందు భాగం, రెండో అంతస్తులో చివరి గది. జూన్ మొదట్లో ఒక ఉదయం.

"అరవకు సాహెబ్. కింద కూల్చే మిషన్ రొదలో నీ అరుపు ఎవడికీ వినపడదు. నాకు తలనొప్పి తప్ప. ఇంకోసారి అరిచావంటే రెండో మోకాలు కూడా పోతుంది."

"విరిగిపోయింది తాయీ! ఎముక విరిగిపోయింది! ఎందుక్కొట్టారు? మిమ్మల్ని నేనేం చేశాను?"

"విరగడమేంటి? ఈ గదే లేదు కదా. మీ పునర్నిర్మాణ మండలి వాళ్ళు ఏడాది లెక్కల పుస్తకం అచ్చేశారుగా, రంగురంగుల బొమ్మలతో. గణూ మిస్త్రీ చాళ్ వెనక భాగం, ముందు భాగం, రెండూ మార్చి లోపలే కూల్చేశాం అని రాశారు. లేని గదిలో, లేని ఆడది, లేని పొత్రంతో కొడితే నీ మోకాలు విరిగిందా? చెప్తే ఎవరైనా నమ్ముతారా?"

"ఆ పుస్తకం మీకెక్కడిది?"

"మీ ఆఫీసు వరండాలో కట్టలు కట్టి పడేశారు. వడాపావ్ పొట్లాలకి పనికొస్తుందని ఒకటి తెచ్చుకున్నా. కాగితం నున్నగా ఉంది, నూనె పీల్చదు. చింపేముందు చదివాను."

"అది... లెక్కల కోసం అలా రాస్తారు తాయీ. మార్చి ముప్పై ఒకటి దాటితే ఆ సొమ్ము వెనక్కి పోతుంది. వచ్చే ఏడాది ఇవ్వరు. అందుకని పని అయిపోయినట్టు చూపించేసి తర్వాత చేస్తారు. అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే."

"తర్వాత అంటే ఇవాళ."

"ఎల్లుండి కమిటీ వస్తోంది, ఖాళీ స్థలం చూడ్డానికి. అందుకే ఇవాళ... తాయీ, కొంచెం గుడ్డేదైనా కట్టండి, రక్తం ఆగడం లేదు."

"ఆగుతుందిలే. నేనెవరో గుర్తుపట్టావా?"

"లేదు. ఈ గది సగుణాబాయిది కదా. ఆవిడ తాత్కాలికంగా ఇచ్చిన గదికి, ట్రాన్సిట్ క్యాంపుకి వెళ్ళిపోయింది. మీరెవరో..."

"వెళ్తూ తాళంచెవి నాకిచ్చి వెళ్ళింది. నాది వెనక భాగం. కింద, కుళాయి పక్క గది. విలాస్ తాంబే పెళ్ళాన్ని. వత్సల."

"ఏ విలాస్?"

"ఏ విలాసా? మీరు వెనక భాగం కూలగొట్టిన రోజు ఎంతమంది విలాస్‌లు చచ్చారేంటి సాహెబ్?"

"అది ప్రమాదం వహినీ. నాకూ చాలా బాధ..."

"వహినీ అనకు. నేను నీకు వదిననవ్వాలంటే ఆయన నీకు అన్న కావాలి. అన్నని ఎవడైనా ఇటుకల కింద పెట్టి పూడుస్తాడా?"

"ఎంక్వయిరీ అయింది కదా. నా తప్పు లేదని తేలింది. పరిహారం కూడా మంజూరు..."

"పరిహారం సంగతి నేనడిగానా? అడిగానా?"

"లేదు."

"వెనక భాగం వాళ్ళందరికీ పునరావాసం కల్పించాం అని రాశారు ఆ పుస్తకంలో. అందరికీ అంటే ఆయన్ని కూడా కలిపేనా? భోయివాడా స్మశానంలో చోటిచ్చారు, దాన్ని కూడా లెక్కలో వేసుకున్నారా?"

"నేను చిన్న ఇంజనీర్ని తాయీ. పుస్తకం రాసేది నేను కాదు."

"తెలుసు. నువ్వు రాసేది తలుపుల మీద. అందుకే నిన్ను అడగాల్సింది ఒక్కటే ఉంది. ఆ ఒక్క మాట అడగడానికి వేసవంతా మీ ఆఫీసు చుట్టూ తిరిగాను. గేటు దగ్గరే ఆపేశారు. ఇవాళ నువ్వే వచ్చావు, జేబులో సుద్దముక్క పెట్టుకుని. చెప్పు సాల్వీ సాహెబ్. ఆ రోజు మా తలుపు కొట్టావా, కొట్టలేదా?"

"తలుపా..."

"తలుపే. కొట్టావా?"

"చూడండి, నేనూ చాళ్‌లో పుట్టినవాణ్ణే. మజ్‌గావ్. చాళ్‌లో పగటిపూట తలుపు ఎవరు మూస్తారు చెప్పండి? మనుషులుంటే తెరిచే ఉంటుంది. మూసి ఉందంటే ఖాళీ అన్నమాట. తెరిచున్న గదుల్లోకి వెళ్ళి బతిమాలి పంపిస్తాం. మూసున్న తలుపు మీద సుద్దతో ఇంటూ గుర్తు పెడతాం. మిషన్ నడిపేవాడు కింద నుంచి గుర్తులు చూసుకుంటాడు. గుర్తు లేని తలుపు ఒక్కటున్నా మొదలెట్టడు. ఎప్పట్నుంచో ఇదే పద్ధతి."

"రాత్రి డ్యూటీ చేసొచ్చినవాడి తలుపు పగలు మూస్తారని మీ మజ్‌గావ్‌లో తెలీదా?"

"అది..."

"మీ నాన్న ఏం చేసేవాడు?"

"మిల్లులో..."

"ఏ షిఫ్టు?"

"నా కాలు చూడండి తాయీ, వాచిపోతోంది..."

"ఏ షిఫ్టు?"

"రాత్రి షిఫ్టు."

"పొద్దున ఆయనొచ్చి పడుకున్నాక మీ అమ్మ తలుపు మూసేదా?"

"మూసేది. తాయీ, ఫోన్ మోగుతోంది. మా కర్ణిక్ సాహెబ్. ఎత్తకపోతే పైకి మనిషిని పంపుతారు."

"మాట్లాడు. స్పీకర్లో పెడుతున్నా. పొత్రం నీ రెండో మోకాలి మీదే ఉంది, చూసుకో. సాయం అన్న మాట నోట్లోంచి వచ్చిందో, దాన్ని వదిలేస్తాను."

"హలో... సాహెబ్..."

"సాల్వీ! ఎక్కడ చచ్చావయ్యా? మిషన్ వచ్చి ఎంతసేపైంది! ఆ చివరి గది తలుపు తెరిచే ఉంది, గుర్తు లేదు, నేను ముట్టుకోను అంటున్నాడు వాడు."

"సాహెబ్, ఇక్కడ ఒక... ఒకావిడ..."

"ప్రతిచోటా ఒకావిడ ఉంటుందయ్యా. పంపించెయ్. నీ గొంతేంటి అలా ఉంది?"

"మెట్లెక్కాను కదా. ఆయాసం."

"పుస్తకంలో అక్కడ మొక్కలు నాటేశాం, పిల్లలకి ఉయ్యాలలు కూడా వేసేశాం. ఎల్లుండి కమిటీ వచ్చి చాళ్‌ని చూసిందంటే నా ఉద్యోగం, నీ ఉద్యోగం రెండూ గోవిందా. ఆవిణ్ణి పంపి, తలుపు వేసి, గుర్తు పెట్టు. గుర్తు కనపడగానే మొదలెట్టమని వాడికి చెప్పాను. నాకోసం చూడకు, నీకోసం నేను చూడను. వెనక మెట్లు దిగి నేరుగా వార్డు ఆఫీసుకి పో, అక్కడి పని చూసుకో."

"సాహెబ్, ఒక్క నిమిషం, మీరు పైకి..."

"పెట్టేస్తున్నా."

"మీరు పైకి? 'మీరు పైకి' అన్నావేంటి?"

"అలవాటుగా వచ్చింది తాయీ! కొట్టకండి! అలవాటుగా వచ్చింది!"

"ఇక ఈ ఫోన్‌తో నీకు పనిలేదు. నీళ్ళ డ్రమ్ములో వేస్తున్నా. ఇప్పుడు చెప్పు. కొట్టావా?"

"కొట్టాను."

"కొట్టావా?"

"కొట్టాను తాయీ. రెండు మూడుసార్లు కొట్టాను. ఎవరూ పలకలేదు. ఎంక్వయిరీలో కూడా అదే చెప్పాను. లోపల మనిషి పలికితే నేను గుర్తు పెడతానా?"

"గట్టిగా కొట్టావా?"

"గట్టిగానే."

"అయినా లేవలేదు."

"లేవలేదు."

"అయితే మందే."

"ఏంటి?"

"దగ్గు మందు. ఆ పొద్దున డిపో నుంచి దగ్గుకుంటూ వచ్చాడు. రాత్రంతా బస్సులు కడిగి కడిగి ఛాతీ పట్టేసింది. ఒక మూత పొయ్యమని సీసా మీద ఉంది. నేను రెండు పోశాను, ఒళ్ళు తెలీకుండా నిద్రపోతాడని. వెలుతురు పడకుండా నేనే తలుపు మూశాను. మీవాళ్ళు ఖాళీ చెయ్యడానికి మర్నాటి దాకా గడువిచ్చారు కదా, మర్నాటి దాకా! ట్రాన్సిట్ గది తాళంచెవి కోసం లైన్లో నించున్నాను. తాళంచెవి చేత్తో పట్టుకుని వచ్చేసరికి సందు మొదట్నించీ దుమ్ము. ఎవరి మొహం ఎవరికీ కనపడని దుమ్ము."

"ఏడవకండి తాయీ..."

"ఇన్నాళ్ళూ నీకు శాపాలు పెట్టాను. నీ బిడ్డలకి కూడా పెట్టాను. తలుపు కూడా కొట్టకుండా గుర్తు పెట్టిపోయాడు పాపిష్టివాడు, అనుకున్నాను. కొట్టావన్నమాట. ఆయన లేవలేదన్నమాట. నేనే మత్తు పోసి, నేనే తలుపు మూసి చంపుకున్నానన్నమాట."

"అలా అనుకోకండి. రాసిపెట్టి ఉంటుంది..."

"సుద్దముక్క ఇటివ్వు."

"ఎందుకు?"

"ఇవ్వు."

"ఎందుకో చెప్పండి ముందు!"

"ఇస్తావా, ఆ వేళ్ళు కూడా..."

"అబ్బా! అమ్మా! నా చెయ్యి! తీసుకోండి, తీసుకోండి!"

"బయట గుర్తు పెట్టేసి, లోపలికొచ్చి తలుపేసుకుంటాను. నేను మందు పోశాను, నువ్వు గుర్తు పెట్టావు. ఇద్దరం కలిసి పంపించాం ఆయన్ని. ఇద్దరం కలిసే పోదాం."

"పిచ్చా మీకు? నాకు కూతురుంది తాయీ! ఒకటో క్లాసు!"

"నాకెవరూ లేరు."

"వద్దు! గుర్తు పెట్టకండి! మందు వల్ల కాదు! వినండి, మీ మందు వల్ల కాదు!"

"నీకెలా తెలుసు?"

"లేచాడు! ఒక్కసారి కొట్టగానే లేచాడు! మాట్లాడాడు కూడా. దగ్గుతూ మాట్లాడాడు. మీరేం చంపలేదు. గణపతి మీదొట్టు, మీరేం చంపలేదు. ఆ సుద్ద కింద పడెయ్యండి."

"ఏమన్నాడు?"

"ముందు ఇటు వచ్చి కూర్చోండి..."

"ఏమన్నాడు ఆయన?"

"'అరగంట ఆగు భావూ' అన్నాడు. 'మా ఆవిడ తాళంచెవికి వెళ్ళింది, వచ్చాక సామాను తీసుకుని పోతాం' అన్నాడు."

"భావూ అన్నాడా? నిన్ను తమ్ముడూ అన్నాడా?"

"అన్నాడు."

"ఆయనంతే. కండక్టర్‌ని కూడా అలాగే పిలిచేవాడు. మరి ఆగలేదేం?"

"కర్ణిక్ సాహెబ్‌కి ఫోన్ చేశాను తాయీ. చెప్పాను, లోపల మనిషున్నాడని. అది మార్చి ఆఖరి రోజు. సాయంత్రం లోపల కూల్చిన ఫొటో పెట్టి బిల్లు పంపకపోతే మొత్తం సొమ్ము వెనక్కి పోతుందన్నారు. ఒక్కడి కోసం ఏడాది పని ఆపుతామా అన్నారు. గుర్తు పెట్టెయ్, మిషన్ చప్పుడు వినగానే వాడే లేచి పరిగెత్తుకొస్తాడులే అన్నారు. నాకూ నిజమే అనిపించింది. మిషన్ చప్పుడు వింటే ఎవడైనా పరిగెత్తుకొస్తాడు కదా!"

"వస్తాడు."

"అదే కదా!"

"మరి రాలేదేం? మెలకువగా ఉన్నాడు. కింది గది. తలుపు దాటితే వాకిలి. ఎందుకు రాలేదు?"

"మళ్ళీ పడుకున్నాడేమో... మీరే అన్నారు కదా, రెండు మూతలు..."

"ఆయన చేతులకి గోళ్ళు లేవు సాహెబ్. ఆస్పత్రిలో గుడ్డ తీసి చూశాను. ఒక్క వేలికీ గోరు లేదు. రాళ్ళు పడి ఊడిపోయాయన్నారు. నిద్రలోనే పోయాడు, ఏం తెలిసుండదు అన్నారు. నమ్మాను."

"తాయీ..."

"గడియ ఎవరు పెట్టారు?"

"ఏ గడియ?"

"బయట గడియ. ఎవరు పెట్టారు?"

"గుర్తు పెట్టిన తలుపుకి గడియ పెట్టాలి తాయీ. లేకపోతే గాలికి తెరుచుకుంటుంది, మిషన్ వాడు ఆపేస్తాడు. రోజూ పెట్టి పెట్టి... చెయ్యి దానంతటది పెట్టేసింది. తెలిసి చెయ్యలేదు. గేటు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, వెనక్కి పరిగెత్తాను కూడా. అప్పటికే..."

"అప్పటికి ఆయన తలుపు కొడుతున్నాడా?"

"కొడుతున్నాడు."

"సరే."

"సరే అంటే?"

"సరే అన్నాను. మందు వల్ల కాదు. నేను చంపలేదు. అలాంటప్పుడు నేనెందుకు చావాలి?"

"అదే, అదే నేననేది! పదండి తాయీ, వెళ్ళిపోదాం. నన్ను కొంచెం పట్టుకోండి, నిలబడలేను. కిందిదాకా దింపితే చాలు. పోలీసులకి నేనే చెప్తాను. కర్ణిక్ పేరు చెప్తాను. అన్నీ చెప్తాను. తాయీ! ఎక్కడికి?"

"కిందికి."

"నన్ను? నన్ను పట్టుకోండి! తలుపు లాగుతున్నారేం? వహినీ! వహినీ, గడియ! గడియ పెట్టకండి! తీయండి! లోపల మనిషిని ఉన్నాను, మెలకువగానే ఉన్నాను!"

"వినపడుతోంది. గుర్తు నీ అంత తిన్నగా రాలేదు సాహెబ్, నాకు అలవాటు లేదు. కింద నుంచి కనపడుతుందిలే."

"ఆగండి! అరగంట ఆగండి! ఒక్క అరగంట..."

"భయపడకు భావూ. మిషన్ చప్పుడు వినగానే లేచి పరిగెత్తుకొచ్చెయ్."