కిటికీ కింది పీట

ఇంటి ముందు గదిలోనే దర్జీ కొట్టు. మిషన్ మీద తండ్రి. కిటికీ కింద పీట మీద, కాజాలు కుడుతూ కూతురు.

“ఫ్యాన్ ఎవరు తిప్పారు?”

“నేనే నాన్నా.”

“ఎందుకు తిప్పావు? ఇది పెళ్లికొడుకు కోటు. పొగ వాసన పట్టిందంటే తెచ్చి నా మొహాన కొడతాడు.”

“సిగరెట్ ఆర్పెయ్. అప్పుడు ఫ్యాన్ ఎటున్నా ఒకటే.”

“అది లేకపోతే నాకు చేతులాడవు. తిప్పు. కిటికీ వైపు తిప్పు.”

“కిటికీ ముందు నేనున్నాను.”

“ఉంటే? నీ మీదుగా బయటికి పోతుంది. ఇన్నేళ్లూ అట్లాగే పోయింది గదా.”

“తిప్పాను. ఇక కుట్టు.”

“కుడుతున్నాలే. వీడు కొలతలిచ్చినప్పటికీ ఇప్పటికీ చూడు, పొట్ట ఎంత పెరిగిందో. పెళ్లినాటికి గుండీ నిలవదు.”

“అతని పొట్ట సంగతి తర్వాత. ఆపావేం? తొక్కు.”

“దారం తెగిందే! ఎందుకంత తొందర నీకు?”

“తొందర కాదు. ఆ చప్పుడు లేకపోతే ఏదోలా ఉంటుంది.”

“మీ అమ్మా ఇంతే. ఆపితే చాలు, తొక్కండి తొక్కండి అనేది. పని అయిపోవాలని ఆవిడకి అంత ఆత్రం.”

“ఆత్రమా?”

“మరేమిటి?”

“ఏమీ లేదు. రేపు కొట్టు తెరవొద్దు నాన్నా. నాతో ఆస్పత్రికి రావాలి.”

“మళ్లీ మొదలుపెట్టావా?”

“ఒక్క పూట.”

“నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను. మెట్లెక్కితే కాస్త ఆయాసం, అంతేగా. నా వయసొస్తే నీకూ వస్తుంది.”

“ఆ వయసు రానీ.”

“ఆ డాక్టరు దగ్గరికైతే అసలు రాను. మీ అమ్మని చూపించిన రోజు ఏమడిగాడు? ఈవిడ పొగ తాగుతుందా అని! మా ఇంట్లో ఆడవాళ్లకి ఆ అలవాటు లేదండీ అన్నాను.”

“అప్పుడు నీ వేళ్లకేసి చూశాడు.”

“చూస్తే?”

“పచ్చగా ఉన్నాయి. మరి ఇంట్లో ఎవరు తాగుతారు అన్నాడు. నువ్వు గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నావు.”

“నేను తాగితే జబ్బు ఆవిడకెందుకు వస్తుంది? నేను తింటే నీ కడుపు నిండుతుందా?”

“తిన్నది నీలోనే ఉంటుంది. పొగ ఉంటుందా? కాల్చినవాళ్లకే కాదు, పక్కన పీల్చినవాళ్లకీ ముప్పే అని ఆయన అంత వివరంగా చెబితే, బయట గేటు దాటకముందే ముట్టించావు.”

“చదువుకున్నవాళ్లు సవాలక్ష చెబుతారు. వస్తే ముందు నాకు రావాలిగా? నాకెందుకు రాలేదు?”

“అమ్మకి అదే సంతోషం.”

“ఏది?”

“నీకు రాలేదని. ఊపిరి అందని రోజుల్లో కూడా అనేది, ఆయనకి రాలేదు, అది చాలు అని. వింటుంటే నాకు ఒళ్లు మండేది.”

“ఆ డబ్బా ఇటియ్యి.”

“ఏ డబ్బా?”

“బాబిన్ల డబ్బా.”

“బాబిన్లేవీ అందులో? సిగరెట్లే గదా. ప్యాకెట్ మీది బొమ్మ చూడలేక అందులో పోసుకున్నావు.”

“ఆ కుళ్లిన నోటి బొమ్మ చూస్తే తాగబుద్ధి కాదు.”

“అందుకే వేశారు దాన్ని. ముట్టించకు నాన్నా, ఇప్పుడేగా ఒకటి పారేశావు.”

“ఇంకోటి కావాల్సొచ్చింది. నీ మాటలకి.”

“అమ్మ కాజాలు ఎక్కడ కూర్చుని కుట్టేది?”

“తెలియనట్టు అడుగుతావేం? నువ్వు కూర్చున్న పీట మీదే. వెలుతురు అక్కడే గదా.”

“పొగ ఎటు పోయేది?”

“చెప్పానుగా, కిటికీలోంచి.”

“కిటికీకి ముందు ఎవరుండేవారు?”

“అమ్మడూ, ఇక చాలు.”

“గుడ్డకి పట్టకూడదని ఫ్యాన్ పెట్టావు. పట్టలేదు. నువ్వు కుట్టిన కోటు ఏదైనా ఎవరినైనా వాసన చూడమను, గీతలు గీసే సబ్బు వాసన తప్ప ఏమీ రాదు. దర్జీ సిగరెట్ తాగుతాడని సగం మందికి తెలియనే తెలియదు.”

“చాలన్నానా?”

“అమ్మ ఎప్పుడు దగ్గేదో తెలుసా నీకు?”

“ఎప్పుడూ దగ్గేది కాదు. ఆఖర్న ఒక్కసారిగా ముదిరింది.”

“నువ్వు తొక్కేటప్పుడు దగ్గేది. మిషన్ చప్పుడులో కలిపేసేది. నువ్వు ఆపావంటే నోట్లో పీలిక కుక్కుకునేది. పీలికల సంచీ పారబోసేది నేను. వాటి మీది నెత్తురు చూసింది నేను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దంది. చెబితే, నన్ను తాగొద్దంటావా అని మొహం మాడ్చుకుని మాటలు మానేస్తావట. ఆ మౌనం కంటే ఈ దగ్గే నయం అంది.”

“అంత మాటందా?”

“అంది.”

“సరే. నేనూ ఒకటి చెబుతాను. నవ్వకూడదు.”

“చెప్పు.”

“మీ అమ్మ వస్తోంది.”

“ఎక్కడికి?”

“ఇక్కడికే, ఈ గదిలోకే. తెల్లారగట్ల. వచ్చి దగ్గుతుంది. అచ్చం ఆ దగ్గే. పొడిగా, గుడ్డ చింపినట్టు.”

“కలగన్నావేమో.”

“కలేమిటి? వసారాలో మంచం మీద లేచి కూర్చుని విన్నాను. నువ్వు లోపలి గదిలో నిద్రపోతుంటావు, నీకేం తెలుసు?”

“వచ్చి చూడలేదా?”

“చూస్తే పోతుందేమో. ఉన్నన్నాళ్లూ వినలేదు. ఇప్పుడైనా వింటున్నాను. అదీ పోతే?”

“భయం వేయలేదా నీకు?”

“మొదట్లో వేసింది. తర్వాత, దాహంగా ఉంటుందేమో అనిపించింది. పడుకోబోయే ముందు ఆ పీట పక్కన గ్లాసుతో నీళ్లు పెడుతున్నాను. నవ్వొద్దన్నానా?”

“నవ్వడం లేదు నాన్నా.”

“పొద్దున చూస్తే గ్లాసు ఖాళీగా ఉంటోంది. నమ్మవు నువ్వు.”

“నమ్ముతున్నాను.”

“కోపం ఉంటే నా చేతి నీళ్లు తాగుతుందా? తాగిందంటే నన్ను వదిలేసినట్టేగా? మన్నించినట్టేగా? ఆవిడే మన్నించాక నీ డాక్టరుతో నాకేం పని?”

“తొక్కు నాన్నా.”

“మాట మార్చకు. చెప్పు, ఆవిడ కాకపోతే ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారు?”

“కాసేపు తొక్కు... తొక్కు నాన్నా...”

“ఏమిటా గొంతు? ఇటు తిరుగు. నోట్లో ఏమిటది? పీలిక ఎందుకు పెట్టుకున్నావు? తియ్. అమ్మడూ, తియ్యమన్నానా!”

“రేపు డాక్టరు చూడాల్సింది నిన్ను కాదు నాన్నా. ఆ నీళ్లు తాగుతున్నది నేను.”