థర్మామీటరు లేని చోట

విత్తనాలు దాచే చల్లని గోదాములో, తలుపు పక్క బల్ల మీద వదిన కంప్యూటరు తెరిచింది. తను అక్కడక్కడా కట్టిన థర్మామీటర్ల లెక్కతో, ఎక్కడ చల్లగా ఉందో ఎక్కడ వేడిగా ఉందో తెర మీద రంగుల్లో కనిపిస్తోంది. ఆ గోదాము మేనేజరైన మరిది, ఆమెకీ తెరకీ మధ్య నిలబడడానికి నానా తంటాలు పడుతున్నాడు.

“కాస్త జరుగు మరిదీ. తెర కనబడనివ్వు.”

“చూసేశారుగా వదినా! అంతా నీలంగా, చల్లగా ఉంది. పదండి, టీ తాగుదాం.”

“అంతా నీలమైతే ఆ ఎర్ర మచ్చేంటి?”

“ఏదీ? అదా? మరకేమో. తుడవనా?”

“తుడిస్తే పోదులే. వెనక వరస, బస్తాల పైన, నీ తలకంటే కొంచెం ఎత్తులో.”

“అక్కడ మీరు థర్మామీటరే కట్టలేదు కదా! లేనిచోట వేడి ఉందని ఎలా అంటారు? ఉత్త ఊహ!”

“ఊహ కాదు, లెక్క. చుట్టూ ఉన్న థర్మామీటర్లు చెబుతున్నాయి. కిందది కొంచెం వేడి, పక్కది ఇంకొంచెం, పైది మరీను.”

“ఇందాక మీరు మొదట వేసిన లెక్కలో ఈ మచ్చ లేదుగా?”

“అది వట్టి సగటు. దగ్గరి థర్మామీటరు మాటకి బరువెక్కువ, దూరపుదానికి తక్కువ, అంతే. ఈ కొత్త లెక్క, వేడి ఎటువైపు పెరుగుతోందో కూడా చూస్తుంది. మాడు వాసన ముదిరే వైపు నడిస్తే పొయ్యి దొరకదూ? అలా.”

“పైకప్పు ఎండకి కాలుతోందేమో.”

“కాలితే అంతా కాలాలి. ఒక్కచోటే, సరిగ్గా మనిషంత పొడుగున కాలుతుందా?”

“మనిషా! మధ్యలో మనిషెందుకొచ్చాడు?”

“పోలిక చెప్పానయ్యా, ఎందుకలా ఉలిక్కిపడతావు? రేపు ఓనరొచ్చి, విత్తనాలు వేడెక్కాయంటే ఊడేది నీ ఉద్యోగమే. నమ్మకం లేదా, ఆ నిచ్చెన ఇలా తే. అక్కడే ఇంకో థర్మామీటరు కడతా. లెక్క తప్పో ఒప్పో తేలిపోతుంది.”

“వద్దొద్దు! నిద్ర చెడిపోతుంది!”

“ఎవరి నిద్ర?”

“ఎవరి... నాదే! నాదే వదినా. బయట ఎండ మండిపోతోందని, మధ్యాహ్నం కాసేపు ఆ బస్తాల మీద నడుం వాలుస్తున్నా. తప్పయిపోయింది. ఓనరుకి చెప్పకండి.”

“నువ్వా?”

“నేనే. ఒట్టు.”

“మరి నువ్విక్కడ నా ముందు నిలబడి, ఇంత చలిలో చెమటలు కక్కుతుంటే, మచ్చ ఇంకా అక్కడే ఉందేం? అదిగో, పక్కకి దొర్లింది కూడా!”

“వదినా, మెల్లగా... మీకు దణ్ణం పెడతా, మెల్లగా మాట్లాడండి.”

బస్తాల పైనుంచి ఆవలింత కలిసిన గొంతు ఒకటి వినిపించింది.

“ఏరా తమ్ముడూ, మీ వదిన వెళ్ళిపోయిందా?”