సరే అనే మనిషికి వైఫై

లేదు డాక్టరమ్మా, ఎగ్గొట్టలేదు. ఆ మాట మాత్రం అనకండి. మీ మాటల పాఠం ఎగ్గొట్టే మనిషి కాదు మా ఆయన, ఎగ్గొట్టనిచ్చే మనిషినీ కాను నేను. గోడలు అడ్డమొచ్చాయి, అంతే.

నవ్వుతున్నారా? ఏథెన్స్‌లో మీ గోడలు అట్టముక్కలమ్మా. ఇది లిమ్నోస్ దీవి. మా మామగారి తాత కట్టించిన ఇల్లు. గోడ మందంలో మనిషి అడ్డంగా పడుకోవచ్చు.

ఆ మోడెమ్ ఏమో వీధి గుమ్మం పక్కన, ఫోను తీగ వచ్చే చోట ఉంటుంది. ఆయన మంచం వెనక గదిలో. హాల్లో సిగ్నలు బాగానే ఉంటుంది. నడవలోకొచ్చేసరికి నీరసపడుతుంది. వెనక గది గుమ్మం దగ్గర ప్రాణం వదిలేస్తుంది. ఫోను తెర మీద మీ మొహం సగం వచ్చి ఆగిపోయేది, నోరు తెరుచుకుని. మీరేదో పెద్ద అచ్చు పలికిస్తున్నారనుకుని ఆయనా అలాగే నోరు తెరుచుకుని కూర్చునేవారు. పాపం.

హాల్లోకి తీసుకురావచ్చు కదా అంటారా? మధ్యలో మెట్లున్నాయి. పక్షవాతమొచ్చి కుడి పక్కంతా పడిపోయిన మనిషి. అందులోనూ బాగా తిన్న ఒళ్ళు.

తీసుకెళ్తాను ఉండండి, గడ్డం గీసే అతను వచ్చాడు, ఆయన సగం బుగ్గ మీద ఇంకా నురగుంది. ఈలోగా మీకో మాట చెప్పాలి. అందుకే వంటింట్లోకి తెచ్చుకున్నాను మిమ్మల్ని.

వరసగా పాఠానికి రాకపోతే ఆయన పేరు తీసేస్తామన్నారు కదా మీరు. దీవి మొత్తం మీద మాటలు నేర్పేవాళ్ళు లేరు. గాలి లేస్తే ఓడ కూడా రాదు. అందుకని రౌటర్ కొన్నాను. వెల్లకిలా పడ్డ ఎండ్రకాయలా ఉంది, కాళ్ళు పైకెత్తుకుని. పొడుగాటి వైరు కూడా కొన్నాను. మోడెమ్ దగ్గర ఒక కొస, వెనక గదిలో ఎండ్రకాయకి ఇంకో కొస. అంతేనట. కొట్టువాడు చెప్పాడు, 'పిల్లలు కూడా పెట్టేస్తారండీ' అని. నేను పిల్లని కాదుగా!

మా ఆయన ఒంట్లో బాగుంటే అరనిమిషం పని. ఊరందరికీ టీవీలు అమ్మి, బాగుచేసిన మనిషి. ఈ దీవిలో ఏ డాబా మీద యాంటెనా చూసినా అర్గిరిస్ చేతి బిగింపే. ఆ చెయ్యే పడిపోయింది. మాటా పోయింది. ఒక్కటి మిగిలింది.

మీకు తెలుసుగా ఆ మాట. 'సరే.'

దేవుడికి హాస్యం ఎక్కువండీ. పెళ్ళైన దగ్గర్నుంచి ఆ మనిషి నోట ఆ మాట నేను వినలేదు. 'ఇవాళ చేపలు...' అని నేను మొదలుపెడితే, 'బాగాలేవు' అని ఆయన ముగించేవారు. నా వాక్యాలన్నీ సగం నావి, సగం ఆయనవి. చెడ్డవాడని కాదు. తాగడు, కొట్టడు. 'కాదు' అంటాడు, అంతే.

అలాంటి మనిషి ఆస్పత్రి నుంచి వచ్చి 'సరే' అన్నారు. ఆకలేస్తోందా? సరే. పడుకుంటారా? సరే. మొదట్లో ఏడ్చాను. తర్వాత ఒకరోజు, ఊరికే, 'వంటింటికి పసుపు రంగు వేయించనా?' అన్నాను.

సరే అన్నారు.

ఇదుగో చూడండి, ఇటు తిప్పుతాను. బాగుంది కదూ? ఇన్నేళ్ళూ బూడిదరంగులో వండాను.

తర్వాత మా చెల్లెలు. మరిగో అని, నాలుగిళ్ళవతలే ఉంటుంది. దాని మొగుడు టీవీ ఈయన దగ్గర కొనకుండా పట్నం నుంచి తెచ్చుకున్నాడు. ఆ కోపానికే వాళ్ళని ఈ గడప తొక్కొద్దన్నారు. ఎన్నేళ్ళు! చర్చిలో పక్కపక్కన నిలబడి, నోటికి కొవ్వొత్తి అడ్డం పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. 'మరిగోని భోజనానికి పిలవనా?' అన్నాను. సరే. అది వచ్చింది. వస్తూనే ఉంది. సాయంత్రాలు పేకాడుకుంటాం. గట్టిగా నవ్వుకుంటాం. అంత గట్టిగా నవ్వడం నాకు చేతనవునని నాకే తెలీదు.

ఆగండి, వస్తున్నా అసలు సంగతికి.

మొన్న మధ్యాహ్నం ఫాదర్ థెమిస్‌ని పిలిచాను. చర్చిలో మైకు ఫాదరే స్వయంగా బిగించారు కాబట్టి ఊళ్ళో ఇంజినీరు కింద లెక్క. అంగీ పైకి దోపుకుని, నడవంతా పాకుతూ వైరు పరిచారు. గడ్డానికి సాలెగూడు. మోడెమ్‌కి ఒక కొస పెట్టారు. వెనక గదిలో అలమారు మీద ఎండ్రకాయని కూర్చోబెట్టారు. దాని వీపున వరసగా కన్నాలు, అన్నీ ఒకలాంటివే, చివరిది మాత్రం రంగు వేరు. ఫాదర్ దాని పక్కదాంట్లో గుచ్చారు.

లైట్లు వెలిగాయి. 'చూశారా, దేవుడి దయ!' అన్నారు ఫాదర్.

'దయ వచ్చింది గానీ ఇంటర్నెట్ రాలేదు ఫాదర్' అంది మరిగో.

ఆర్పి వెలిగించారు. మళ్ళీ ఆర్పారు. కంపెనీకి ఫోన్ చేశారు. వాళ్ళు పాట వేశారు. పాట వింటూ ఫాదర్ చెమట తుడుచుకుంటున్నారు.

మా ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. చూస్తున్నారు. ఎడం చేతిలో కర్ర పట్టుకుని నేల మీద కొట్టడం మొదలుపెట్టారు. 'సరే' అన్నారు.

'బావ కూడా బాగుందంటున్నారు' అంది మరిగో.

'సరే! సరే!' మొహం కందగడ్డ అయిపోయింది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. 'సరే!' అని అరుస్తున్నారు డాక్టరమ్మా, ఇల్లు కాలిపోతోందని అరిచినట్టు. ఫాదరేమో, 'సంతోషం అర్గిరిస్, సంతోషం' అంటూ వెన్ను తట్టారు.

నేను చూశాను ఆ కళ్ళు. అంత భయం నేనెప్పుడూ చూడలేదు. గాజు పెట్టెలో పడ్డవాడు లోపల్నుంచి గుద్దుతుంటే బయటివాళ్ళు చెయ్యూపి పలకరిస్తున్నట్టు.

అప్పుడు కర్ర విసిరేశారు. అలమారుకి తగిలింది. నోరు ఒక పక్కకి లాగింది, ఇంకో పక్కకి లాగింది, గొంతులో ఏదో రాయి దొర్లినట్టు శబ్దం.

'కా... కాదు! అది కాదు! పక్కది!'

 ఫోన్లో కంపెనీ పాట ఇంకా వస్తూనే ఉంది.

ఫాదర్ వైరు పీకి, చివరి కన్నంలో పెట్టారు. కొంచెంసేపటికి లైటు రంగు మారింది. మరిగో ఫోనులో ఎవరో పాప పుట్టినరోజు వీడియో గలగలా మొదలైంది. ఫాదర్ శిలువ గుర్తు వేసుకున్నారు. మరిగో బావురుమంది. మా ఆయనా ఏడ్చారు. నేను వెళ్ళి ఆ తలని నా కడుపుకి అదుముకున్నాను. నేనూ ఏడ్చాను.

ఎందుకేడ్చానో అడగరేం? అందరూ సంతోషమనే అనుకున్నారు. సంతోషమూ ఉంది. అబద్ధం చెప్పను, ఉంది.

కానీ ఆ మధ్యాహ్నం నుంచి ఒకటే ఆలోచన. ఇన్నాళ్ళూ అన్న ఆ సరేలన్నీ ఏమిటి మరి? పసుపు రంగు వేస్తుంటే లోపల 'కాదు, కాదు' అని అరుస్తూనే ఉన్నారా? మేం పేకాడుతుంటే? నవ్వుతుంటే?

నాకు తెలీదని చెప్పొచ్చు. మీరు నమ్ముతారు కూడా. కానీ ఇన్నేళ్ళు కాపురం చేసిన మొగుడి కళ్ళు తెలీకుండా ఉంటాయా? కళ్ళు చెబుతూనే ఉన్నాయి. నేనే చెవులతో విన్నాను. చెవులకి హాయిగా ఉంది మరి.

ఆ రోజు సాయంత్రమంతా అదే మాట. సూపు పెడితే, కాదు. పరదా వేస్తే, కాదు. దొరికిన మాటని పిల్లాడు కొత్త బూర ఊదినట్టు ఊదారు. మరిగో గుమ్మంలో నిలబడి, 'వెళ్ళొస్తా బావా, మళ్ళీ రమ్మంటారా?' అంది.

ఎగాదిగా చూశారు దాన్ని. తర్వాత 'సరే' అన్నారు.

అది పాత సరేయో కొత్త సరేయో మాకు తెలీలేదు. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది పిచ్చిది. నిన్న రాలేదు. ఇవాళా రాలేదు.

వద్దని చెప్పడం లేదమ్మా. నేర్పండి. మీ పని మీరు చెయ్యండి. ఆ కళ్ళు నేను మళ్ళీ చూడలేను, మాట రావాల్సిందే. కాకపోతే ఏది ముందో ఏది వెనకో మీ చేతిలోదే కదా? ముందు అవసరమైనవి నేర్పండి. మంచినీళ్ళు. నొప్పి. చలేస్తోంది. నా పేరు నేర్పండి, ఫనీ, చిన్నదే, రెండక్షరాలు. ఇంకా వీలైతే... 'బాగుంది' అని ఒకటుంటుంది. మీ పుస్తకంలో ఉందో లేదో చూడండి.

రంగులూ, చుట్టాలూ, ఉప్పూ కారం తర్వాత చూసుకుందాం. తొందరేముంది?

అదిగో, కర్ర కొట్టి పిలుస్తున్నారు. నురగ కడిగేసుకున్నారు కాబోలు. వస్తున్నానండీ!

తీసుకెళ్తున్నా మిమ్మల్ని. తెగిపోతుందని భయం లేదులెండి. ఈ నడవలో, ఆ గదిలో, చివరికి మంచం కింద కూడా సిగ్నలు నిండుగా వస్తోంది. అంత బాగా పెట్టించారు మా ఆయన. ఏం చేస్తాం.