మేష్టారు కాలవలో దూకిన సంగతి

ఏంటే చిట్టీ, ఫోను చూసుకుని అలా పడీపడీ నవ్వుతున్నావు? ఏదీ, ఇలా తిప్పు. ఓసోసి, పెళ్లికొడుకు తాటిదూలం మీంచి కాలవలో పడే సీనా! అది మన ఊళ్లోనే తీసేరే. తీసింది మా జీవరత్నం. నమ్మవేంటే, ఈ తాత అబద్ధమాడతాడా? మద్రాసులో అంత పేరున్న కామెడీ డైరెక్టరు మన పేటవాడే. నాతోపాటు సండేస్కూల్లో వెనక కూచుని, పాస్టరుగారి దగ్గు అచ్చం ఆయనలాగే దగ్గేవాడు. ఊఁ, వాడు పోయి చాలా ఏళ్లయిందిలే.

వాళ్ల నాన్నగారు దేవసహాయం మేష్టారు. అబ్బో, మహా గట్టి మనిషి! ఆయన నవ్వగా ఎవరూ చూళ్లేదు. పాలేరు కొడుకై పుట్టి, పట్టుబట్టి చదువుకుని, చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుని బడికెళ్లేవారు. అలాంటాయన, కొడుకు సినిమాలకి పోతానంటే ఊరుకుంటారా? "మీ తాత తలొంచుకు బతికేడు. నేను తలెత్తుకు తిరుగుతున్నాను. నువ్వెళ్లి నలుగురిలో నవ్వులపాలవుతావా?" అన్నారు. అంతే, తండ్రీకొడుకులకి మాటల్లేవు. వీడు ఎప్పుడొచ్చినా "మీవాడికి అన్నం పెట్టు" అని భార్యతో అనడమే. వీడు పైకి నవ్వేసేవాడు గానీ నా దగ్గర ఏడ్చేవాడే. "ఎంతమందిని నవ్విస్తే ఏం లాభంరా సీమోనూ, ఆయన ఒక్కసారి ఒరేయ్ అని పిలిస్తే చాలు" అనేవాడు.

ఏం చెప్తున్నాను? ఆఁ, కాలవ. వేసవి, కాలవలకి నీళ్లు కట్టేసిన రోజులు. మోకాల్లోతు నీళ్లు, కిందంతా బురద. షూటింగు చూడ్డానికి అంతర్వేది తీర్థానికి వచ్చినట్టు వచ్చేరు జనం. జీవరత్నానికో పద్ధతుందే. ఎవర్ని కిందపడమన్నా ముందు తను పడి చూపించేవాడు. "నన్ను చూసి నవ్వేకేనండీ మిమ్మల్ని చూసి నవ్వేది" అనేవాడు పెళ్లికొడుకు వేషం వేసే హీరోతో. ఆ పడ్డంలో గమ్మత్తు తెలుసు గనక, కెమెరా ఆయన వాడు పడి చూపించేటప్పుడే ఫిలిం తిప్పేసేవాడు. ఆ రోజూ అంతే. తలపాగా పెట్టుకుని దూలమెక్కేడు, చేతులు గిలగిల్లాడించేడు, "అమ్మోయ్" అని ధబీమని పడ్డాడు. పైగా మునిగిపోతున్నట్టు నటనొకటి! జనం ఒకటే నవ్వు.

ఇంతలో వెనకనుంచి "తప్పుకోండి, తప్పుకోండి" అని కేక. చూద్దును కదా, మేష్టారు! ఎప్పుడొచ్చి నిలబడ్డారో ఏమో. మెడదాకా బొత్తాలు, కాళ్లకి జోళ్లు, అలాగే దూకేసేరు. "ఒరేయ్! ఒరేయ్ రత్నం! వాడికి ఈత రాదండీ!" అని. కాలవ కట్టేసేరని ఆయనకి తెలీదంటావా? ఇంటి వెనకాలే కాలవ! కొడుకు పడగానే అన్నీ మర్చిపోయేరు పాపం. జబ్బ పట్టి లాగుతుంటే, వీడు "నాన్నగారండీ, నుంచోండి, లోతు లేదండీ" అంటాడు. నుంచున్నారు. ఒళ్లంతా బురద. ఊరంతా నోరు మూసేసుకుంది. ఆయ్, మేష్టారు కదా, నవ్వడానికి ఎవడికి ధైర్యం? ముందు ఆయనే నవ్వేరే! పొట్ట పట్టుకుని, కొడుకు భుజమ్మీద వాలిపోయి. హమ్మయ్య, నా గుండెల మీంచి బస్తా దించినట్టయింది.

అదంతా కెమెరాలో పడింది. ఉంచుదామని కెమెరా ఆయన బతిమాలేడు. వీడు ఒప్పుకోలా. "మా నాన్నని చూసి ఎవరూ నవ్వడానికి వీల్లేదు" అని ఆ ముక్క కత్తిరించి తీయించేసేడు. అమలాపురంలో మొదటాట. ఇటు నేను, అటు వాడు, మధ్యలో మేష్టారు. సీను వచ్చింది, హాలు గొల్లుమంది, సీను పోయింది. మేష్టారు ఆ చీకట్లో లేచి నుంచుని, బడిలో కేకేసినట్టు, "ఒరేయ్ రత్నం, నేను దూకింది ఏదిరా?"

...చల్లారిపోతోంది, ఆ కాఫీ ఇటందుకో.